యుద్ధనౌక మీద క్యాప్టెన్ ఎవరు? నేవీ హోదాలు, ఆచారాల వెనుక లెక్క

క్లుప్తంగా: నేవీ ఆచారాల్లో ఎక్కువ భాగం ఓడ మీద పని సాగడానికి పుట్టినవి. మరికొన్ని బ్రిటిష్ పాలన మిగిల్చి వెళ్లిన గుర్తులు. 2022 నుంచి వస్తున్న మార్పులన్నీ ఈ రెండో రకాన్నే తాకుతున్నాయి, మొదటి రకం జోలికి పోవడం లేదు. హోదాల విషయంలో సైన్యానికీ నేవీకీ పేర్లు కలవడం వల్లే ఎక్కువ గందరగోళం. పేర్లు మార్చాలన్న ప్రతిపాదన సెయిలర్ల వరకు, అంటే ఆఫీసర్లు కాని సిబ్బంది వరకు తేలిక, ఆఫీసర్ల దగ్గర కష్టం.

2022 సెప్టెంబరు 2న కొచ్చిలో విమానవాహక నౌక విక్రాంత్ నౌకాదళంలో చేరిన రోజే నేవీ జెండా మారింది. 2023 జులైలో ఆఫీసర్ల చేతికర్ర పోయింది. అదే ఏడాది డిసెంబరు చివర్లో అడ్మిరళ్ల భుజపట్టీలు కొత్త రూపంలోకి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో మెస్సుల్లో కుర్తా పైజామా వేసుకోవచ్చన్నారు. వార్త వచ్చిన ప్రతిసారీ పాత ప్రశ్నలే మళ్లీ లేస్తున్నాయి. నేవీ క్యాప్టెన్, ఆర్మీ క్యాప్టెన్ ఒకటేనా? గడ్డానికి నేవీలోనే ఎందుకు అనుమతి? ఒడ్డున ఉన్న భవనాలకు ఐఎన్‌ఎస్ (ఇండియన్ నేవల్ షిప్) అని పేరేమిటి? తెల్ల యూనిఫాం నిత్యం కనిపించే విశాఖపట్నంలో కూడా ఈ సందేహాలు తక్కువేం కాదు.

హోదా ఒకటి, పదవి ఒకటి

నేవీలో ఆఫీసర్ల వరుస కింది నుంచి ఇలా ఉంటుంది: సబ్ లెఫ్టినెంట్, లెఫ్టినెంట్, లెఫ్టినెంట్ కమాండర్, కమాండర్, క్యాప్టెన్, కమొడోర్, రియర్ అడ్మిరల్, వైస్ అడ్మిరల్, అడ్మిరల్. ఆర్మీ వరుసతో పక్కపక్కన పెడితే చిక్కు ఎక్కడుందో తెలిసిపోతుంది. ఆర్మీ లెఫ్టినెంట్‌కు సమానం నేవీ సబ్ లెఫ్టినెంట్. ఆర్మీ క్యాప్టెన్‌కు సమానం నేవీ లెఫ్టినెంట్. నేవీ క్యాప్టెన్ మాత్రం ఏకంగా ఆర్మీ కల్నల్‌తో సమానం. అంటే ఒకే పేరున్న ఇద్దరి మధ్య మేజర్, లెఫ్టినెంట్ కల్నల్ అనే రెండు మెట్లు దాటి తేడా ఉంది. పెళ్లి సంబంధాల దగ్గర ‘అబ్బాయి క్యాప్టెన్’ అంటే ఏ దళంలో అని అడగాల్సిందే.

ఇంకో చిక్కు నేవీ లోపలే ఉంది. ఓడను నడిపించే కమాండింగ్ ఆఫీసర్‌ను, ఆయన అసలు హోదా ఏదైనా, ఓడ మీద క్యాప్టెన్ అనే అంటారు. డెస్ట్రాయర్, ఫ్రిగేట్ వంటి పెద్ద నౌకలకు సాధారణంగా క్యాప్టెన్ హోదా ఉన్నవారే అధిపతులు. వాటికంటే చిన్నవైన కార్వెట్లకు కమాండర్ హోదా సరిపోతుంది. చిన్న గస్తీ నౌకలకు లెఫ్టినెంట్ కమాండర్లు కూడా ఉంటారు. యుద్ధనౌకకు నాయకత్వం వహించిన తొలి భారతీయ మహిళగా 2023లో వార్తల్లోకి వచ్చిన ప్రేరణా దేవస్థలీ హోదా లెఫ్టినెంట్ కమాండరే. ఐఎన్‌ఎస్ త్రింకట్ మీద మాత్రం ఆమే క్యాప్టెన్. అటువైపు విమానవాహక నౌక పెద్దది కాబట్టి కమొడోర్ చేతిలో పెట్టిన సందర్భాలున్నాయి. కొత్త విక్రాంత్ తొలి కమాండింగ్ ఆఫీసర్ కమొడోరే.

యూనిఫాం చేతి మీద గీతలతో హోదా పోల్చుకోవడం కష్టమేమీ కాదు. ఒక గీత సబ్ లెఫ్టినెంట్, రెండు లెఫ్టినెంట్, రెంటి మధ్య సన్న గీత ఉంటే లెఫ్టినెంట్ కమాండర్, మూడు కమాండర్, నాలుగు క్యాప్టెన్. పై గీతకు చిన్న సున్నా చుట్టు ఉంటుంది. కమొడోర్‌కు ఒకే వెడల్పాటి గీత. ఆ పైవాళ్లకు ఆ వెడల్పు గీత మీద ఒక్కొక్కటీ పెరుగుతూ పోతుంది.

పత్రికల్లో తరచూ కనిపించే ‘తూర్పు నౌకాదళ అధిపతి’ వైస్ అడ్మిరల్ హోదాలో ఉంటారు. ముంబయి, విశాఖపట్నం, కొచ్చి కేంద్రాలుగా ఉన్న మూడు కమాండ్లకూ ఇదే పద్ధతి. వాటిలో తూర్పు కమాండ్ కింద ఉండే నౌకల సముదాయానికి, అంటే ఈస్టర్న్ ఫ్లీట్‌కు, రియర్ అడ్మిరల్ వేరుగా ఉంటారు. ఈ ఇద్దరినీ ఒకరిగా రాసేయడం మన వార్తల్లో అప్పుడప్పుడు జరిగే పొరపాటు.

మొత్తం నౌకాదళాధిపతి ఇప్పుడు పూర్తి అడ్మిరల్. మొదటి నుంచీ అలా లేదు. 1958 ఏప్రిల్‌లో ఆ పదవిలోకి వచ్చిన తొలి భారతీయుడు రామ్‌దాస్ కఠారి వైస్ అడ్మిరల్ హోదాలోనే ఉన్నారు. నౌకాదళం చిన్నది కావడంతో అధిపతి హోదా కూడా ఒక మెట్టు కిందే ఉండేది. 1968లో ఏకే ఛటర్జీతో అడ్మిరల్ హోదా వచ్చింది. ఇక్కడ ఇంకో పోలిక గమనించాలి. ఆర్మీకి భారతీయ అధిపతి 1949లో, వైమానిక దళానికి 1954లో వచ్చారు. నేవీకి మాత్రం స్వాతంత్య్రం వచ్చాక దాదాపు 11 ఏళ్లు బ్రిటిష్ అధికారులే పైన ఉన్నారు. పెద్ద నౌకలు, నౌకా సముదాయాలు నడిపిన అనుభవమున్న భారతీయ సీనియర్లు అప్పటికి చాలా కొద్దిమంది. బ్రిటిష్ ఆచారాలు మిగతా రెండు దళాల కంటే ఇక్కడ గాఢంగా మిగలడానికి ఇదొక ముఖ్య కారణం.

సెయిలర్ల వరుస

ఆఫీసర్ల గురించి మాట్లాడినంతగా సెయిలర్ల గురించి ఎవరూ మాట్లాడరు. సంఖ్యలో ఎక్కువ వాళ్లే. సీమన్ రెండో తరగతి, మొదటి తరగతి, లీడింగ్ సీమన్, పెటీ ఆఫీసర్, చీఫ్ పెటీ ఆఫీసర్, మాస్టర్ చీఫ్ పెటీ ఆఫీసర్ రెండు, ఒకటి తరగతులు. లీడింగ్ అంటే ఆర్మీలో నాయక్, పెటీ ఆఫీసర్ అంటే హవల్దార్, చీఫ్ పెటీ ఆఫీసర్ అంటే నాయిబ్ సుబేదార్. పై రెండు మెట్లు సుబేదార్, సుబేదార్ మేజర్‌లకు సమానం. పేరు చివర ఆఫీసర్ అని ఉన్నా పెటీ ఆఫీసర్ కమిషన్డ్ ఆఫీసర్ కాదు. 2022 నుంచి సెయిలర్ల కొత్త చేరికలు అగ్నివీర్ పద్ధతిలో, నాలుగేళ్ల కాలానికి జరుగుతున్నాయి. మహిళలు సెయిలర్లుగా చేరడం కూడా అప్పుడే మొదలైంది.

నేవీ, మర్చంట్ నేవీ, కోస్ట్ గార్డ్

ఈ మూడింటినీ కలిపేయడం వల్ల డబ్బు పోగొట్టుకునేవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి తేడా చెప్పుకోవాలి. మర్చంట్ నేవీ సైనిక దళం కాదు. సరుకు, చమురు రవాణా చేసే వాణిజ్య నౌకల్లో ఉద్యోగం. అక్కడా నాలుగు గీతలు ఉంటాయి, క్యాప్టెన్ అనే పిలుపూ ఉంటుంది. కానీ ఆయన ఒక కంపెనీ ఉద్యోగి, సైనిక చట్టం కిందికి రాడు. ఆ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెన్సీలకు షిప్పింగ్ డైరెక్టరేట్ లైసెన్సు ఉండాలి. భారత నౌకాదళంలో చేరడానికి ఏజెంటు అనేవాడే ఉండడు. ‘నేవీలో ఉద్యోగం’ అని డబ్బు అడిగారంటే ఆ మాట దగ్గరే ఆగిపోవడం మంచిది.

కోస్ట్ గార్డ్ రక్షణ శాఖ కిందే ఉన్నా వేరే దళం. 1978 చట్టంతో ఏర్పడింది. అసిస్టెంట్ కమాండెంట్ నుంచి డైరెక్టర్ జనరల్ దాకా దాని హోదాలు పోలీసు, పారామిలిటరీ పేర్లను పోలి ఉంటాయి. దాని సెయిలర్ల హోదాల పేర్లు ఇంకోలా ఉంటాయి, వాటి సంగతి చివర్లో వస్తుంది.

ఒడ్డున నిలబడ్డ నౌకలు

విశాఖలో ఐఎన్‌ఎస్ సర్కార్స్ అనేది ఓడ కాదు, నౌకాస్థావరం. ఐఎన్‌ఎస్ డేగా వైమానిక కేంద్రం. ఐఎన్‌ఎస్ శాతవాహన జలాంతర్గామి సిబ్బందికి శిక్షణ ఇచ్చే చోటు. ఓరుగల్లు పాత పేరు ఏకశిలను గుర్తుచేసే ఐఎన్‌ఎస్ ఏక్‌శిలలో నౌకల గ్యాస్ టర్బైన్లకు మరమ్మతులు చేస్తారు. భీమిలి దగ్గర ఐఎన్‌ఎస్ కళింగ ఉంది. ఇవేవీ నీళ్లలో తేలవు.

బ్రిటిష్ నేవీ క్రమశిక్షణ చట్టం ఏదో ఒక నౌక పుస్తకాల్లో పేరు ఎక్కిన వాళ్లకే వర్తించేది. ఒడ్డున పనిచేసేవాళ్లను ఆ చట్టం కిందికి తేవాలంటే ముందు వాళ్లకో నౌక చూపించాలి. దాంతో పాత ఓడలనే రేవులో కట్టేసి శిక్షణకు, బసకు వాడుకునేవారు. తర్వాత భవనాలకే నౌకల పేర్లు పెట్టారు. చట్టం అవసరం తీరిపోయినా పద్ధతి ఉండిపోయింది, ఎందుకంటే దానివల్ల పాలన సులువైంది. ప్రతి స్థావరానికీ కమాండింగ్ ఆఫీసర్, కాపలా వంతులు, జెండా, అన్నీ ఓడ లెక్కనే. సముద్రంలో పనిచేసిన సెయిలర్ ఒడ్డుకు బదిలీ అయినా కొత్త వ్యవస్థ నేర్చుకోనక్కర్లేదు. వికారాబాద్ దామగుండం అడవిలో జలాంతర్గాములకు సంకేతాలు పంపే రాడార్ కేంద్రం పేరుతో నడిచిన చర్చలో, సముద్రమే లేని తెలంగాణలో నేవీకి ఏం పని అని చాలామంది అడిగారు. అది నిజానికి రాడార్ కాదు, అతి తక్కువ ఫ్రీక్వెన్సీ రేడియో కేంద్రం. ఆ తరంగాలు నీటి అడుగుకు కొంతమేర దిగగలవు కాబట్టి జలాంతర్గామి పైకి తేలకుండానే సందేశం అందుకుంటుంది. అలాంటి కేంద్రానికి తీరం కన్నా విశాలమైన స్థలం ముఖ్యం. తమిళనాడులో తిరునల్వేలి దగ్గరున్న ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ ఇప్పటికే ఆ పని చేస్తోంది.

రోజుకు ఏడు వంతులు

పని నుంచి ఆచారం ఎలా పుడుతుందో చూడాలంటే ఓడ మీద కాపలా వంతుల పద్ధతిని మించింది లేదు. ఓడ రాత్రీపగలూ నడుస్తుంది కాబట్టి సిబ్బందిని జట్లుగా విడదీసి నాలుగేసి గంటల వంతులు వేస్తారు. ఇసుక గడియారం కాలంలో అరగంటకోసారి దాన్ని తిప్పి గంట కొట్టేవారు. వంతు మొదలైన అరగంటకు ఒకటి, గంటకు రెండు, అలా పెరుగుతూ నాలుగు గంటలకు ఎనిమిది కొడితే వంతు మారినట్టు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. 24 గంటల్ని నాలుగుతో భాగిస్తే ఆరు వంతులు. మూడు జట్లు ఉన్నాయనుకుందాం. మొదటి జట్టుకు అర్ధరాత్రి నుంచి నాలుగు దాకా పడితే, వరుసలో మళ్లీ వాళ్లకే మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు పడుతుంది. మర్నాడు అర్ధరాత్రికి వరుస సరిగ్గా మొదటి జట్టు దగ్గరికే వస్తుంది. అంటే ప్రయాణం ఎన్ని వారాలు సాగినా ఆ నడిజాము కాపలా వాళ్ల నెత్తినే. దీన్ని తప్పించడానికి సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు ఉన్న వంతును రెండేసి గంటల ముక్కలు చేశారు. వాటిని డాగ్ వాచ్ అంటారు. దాంతో రోజుకు ఏడు వంతులయ్యాయి. ఏడును మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. ఆ మిగిలిన ఒకటే వరుసను రోజుకో మెట్టు జరుపుతుంది. ఈ రోజు నడిజాము మొదటి జట్టుదైతే రేపు రెండోదానిది, ఎల్లుండి మూడోదానిది. పైగా ఆ రెండు పొట్టి వంతుల సమయంలోనే సాయంత్రం భోజనాలు కూడా అందరికీ కుదురుతాయి.

గంట కొట్టి టైమ్ చెప్పాల్సిన అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు. గంట అలంకారమైంది, వంతుల లెక్క మాత్రం బతికే ఉంది. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామిలోకి వెళ్లినవాళ్లకు ఆ పడకల ఇరుకు గుర్తుండే ఉంటుంది. అలాంటి చోట ఎవరు ఎప్పుడు పడుకుంటారన్నది కూడా ఈ వంతులే తేలుస్తాయి.

సెల్యూట్, ఈల, గడ్డం

ఆర్మీ సెల్యూట్‌లో అరచేయి ఎదుటివారికి కనిపిస్తుంది. నేవీలో అరచేయి కిందికి వంగి ఉంటుంది. వైమానిక దళం 2006లో ఈ రెంటికీ మధ్యస్థంగా 45 డిగ్రీల కోణానికి మారింది. తాళ్లకు పూసే తారుతో సెయిలర్ల చేతులు నల్లగా ఉండేవని, ఆ మరకలు పై అధికారికి చూపకూడదని అరచేయి దించారని చెబుతారు. చెప్పుకునే కథే తప్ప ఫలానా ఉత్తర్వుతో మొదలైందని చూపించే ఆధారం కాదు. నేవీ ఆచారాల గురించి నోటి మాటగా వచ్చే వివరణల్లో సగం ఇలాంటివేనని గుర్తుపెట్టుకోవాలి.

ఈల సంగతి కాస్త గట్టిది. గాలి హోరులో మనిషి గొంతు వినిపించదు, సన్నటి ఈల వినిపిస్తుంది. తెరచాపల రోజుల్లో తాళ్లు లాగే ఆజ్ఞలన్నీ ఈలతోనే. వేరే ఓడ నుంచి వచ్చే సీనియర్ అధికారిని తాళ్లతో కట్టిన పీట మీద కూర్చోబెట్టి పైకి లాగేటప్పుడు కూడా ఈల కొట్టేవారు. ఇప్పుడు ఆయన మెట్లెక్కి వస్తారు, ఈల మాత్రం గౌరవ సూచకంగా మిగిలింది.

గడ్డం విషయంలో మూడు దళాలకూ మూడు పద్ధతులు. ఆర్మీలో అది ప్రధానంగా సిక్కుల మత ఆచారానికి ఇచ్చిన మినహాయింపు. వైమానిక దళంలో గడ్డం పెంచుకునే హక్కు కోసం ఒక ఉద్యోగి వేసిన కేసును 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. నేవీలో మతంతో సంబంధం లేకుండా కమాండింగ్ ఆఫీసర్ అనుమతితో పెంచుకోవచ్చు. ఓడ మీద మంచినీళ్లు పొదుపుగా వాడాల్సిన రోజుల నుంచి వచ్చిన వెసులుబాటు ఇది. బ్రిటిష్ నేవీలోనైతే పెంచితే గడ్డం మీసం రెండూ పెంచాలి, లేదా రెండూ తీసేయాలి అన్నది పాత నియమం.

జలప్రవేశం వేరు, చేరిక వేరు

‘కొత్త యుద్ధనౌక జలప్రవేశం’ అన్న వార్త చూసి అది రేపే గస్తీకి వెళ్తుందనుకుంటే పొరపాటు. జలప్రవేశం నాటికి ఓడ దాదాపు ఖాళీ డొల్ల. విక్రాంత్ జలప్రవేశం 2013 ఆగస్టులో జరిగితే దళంలో చేరింది 2022లో. చేరాకే పేరు ముందు ఐఎన్‌ఎస్ వస్తుంది. జలప్రవేశం మహిళ చేతుల మీదుగా జరగడం నేవీ ఆనవాయితీ. యూరప్‌లో షాంపేన్ సీసా పగలగొడితే ఇక్కడ కొబ్బరికాయ కొడతారు. 2009 జులై 26న విశాఖలో అణు జలాంతర్గామి అరిహంత్‌కు అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ భార్య గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టారు. విదేశీ ఆచారంలోకి స్థానిక పద్ధతి ఇంత సహజంగా కలిసిపోయిన చోటు నేవీలో మరొకటి కనిపించదు.

విరమణ ఇంకో తీరు. 1980లో జార్జియాలోని పోటిలో చేరిన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ 41 ఏళ్ల తర్వాత 2021 మే 21న విశాఖ డాక్‌యార్డ్‌లో సెలవు తీసుకుంది. కొవిడ్ వల్ల అతిథులు లేరు, స్థానికంగా ఉన్న సిబ్బందే హాజరయ్యారు. సూర్యాస్తమయాన నేవీ జెండానూ, చేరిన రోజు నుంచి ఎగిరే సన్నటి పొడుగు పతాకాన్నీ చివరిసారి దించారు. ఆ దించడంతో అది యుద్ధనౌక కాకుండా పోతుంది. ఓడ పోయినా పేరు పోదు. 1971లో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రాత్రి విశాఖ బయట ఉన్న డెస్ట్రాయర్ పేరు కూడా రాజ్‌పుతే. పాత విక్రాంత్ 1997లో విరమించాక కొత్తదానికి పేరుతో పాటు ఆర్ 11 అనే నంబరు కూడా దక్కింది.

జెండా ఎన్నిసార్లు మారింది

1950 జనవరి 26న రాయల్ ఇండియన్ నేవీ కాస్తా ఇండియన్ నేవీ అయింది. మూలలో బ్రిటిష్ జెండా పోయి త్రివర్ణం వచ్చింది, మధ్యలో ఎర్రటి సెయింట్ జార్జ్ శిలువ మాత్రం ఉండిపోయింది. 2001లో శిలువ తీసేసి నీలిరంగు నేవీ చిహ్నం పెట్టారు. సముద్రం, ఆకాశం రంగులో ఆ నీలం కలిసిపోతోందన్న ఫిర్యాదులతో 2004లో శిలువ తిరిగొచ్చింది, దాని మధ్యలో మూడు సింహాల చిహ్నం చేరింది. 2014లో దాని కింద సత్యమేవ జయతే చేర్చారు. 2022లో శిలువ మళ్లీ పోయి, ఛత్రపతి శివాజీ రాజముద్రను తలపించే అష్టభుజిలో లంగరు, ‘శం నో వరుణః’ అన్న నినాదం వచ్చాయి.

ఇది భారత్‌కే పరిమితమైన గొడవ కాదు. ఆస్ట్రేలియా 1967 వరకు అచ్చంగా బ్రిటిష్ నేవీ జెండానే ఎగరేసింది. వియత్నాం యుద్ధంలో బ్రిటన్ లేదు, ఆస్ట్రేలియా ఉంది. యుద్ధంలో లేని దేశపు జెండాతో యుద్ధానికి వెళ్లడం కుదరదు కాబట్టి తమ జెండా తయారు చేసుకున్నారు. న్యూజిలాండ్ మరుసటి ఏడాది అదే పని చేసింది. అక్కడ కదిలించింది సెంటిమెంట్ కంటే అవసరం. మన దగ్గర 2004లో వెనక్కి తగ్గడానికి కారణం కూడా దూరం నుంచి జెండా కనపడకపోవడమే.

పేర్లు మారితే

2023 డిసెంబరు 4న, నేవీ దినోత్సవం నాడు సింధుదుర్గ్‌లో ప్రధాని మోదీ రెండు సంగతులు ప్రకటించారు. ఒకటి భుజపట్టీలు. అది నెలలోపే అమల్లోకి వచ్చి, నెల్సన్ రింగ్ అనే సున్నా చుట్టు స్థానంలో బంగారు గుండీ, అష్టభుజి, భారతీయ ఖడ్గం, దూరదర్శిని కనిపిస్తున్నాయి. రెండోది హోదాలకు భారతీయ సంప్రదాయంలో పేర్లు పెట్టడం. ఇది గుండీ మార్చినంత సులువు కాదు.

ఆఫీసర్ల హోదాలు పని చేసేది దేశం బయట కూడా. మలబార్, మిలన్ వంటి విన్యాసాల్లో పలు దేశాల నౌకలు కలిసినప్పుడు, ఏ నౌక అధిపతి సీనియర్, ఎవరు ముందు సెల్యూట్ చేయాలి, ఎవరికి ఎన్ని తుపాకుల వందనం అన్నది హోదా పేరు చూసే తేల్చుకుంటారు. 2016లో విశాఖలో జరిగిన అంతర్జాతీయ ఫ్లీట్ రివ్యూ లాంటి చోట ఆ పట్టిక లేకుండా ఒక్క పూట కూడా గడవదు. పేరు మారిస్తే పక్కన పాత సమాన హోదా రాసుకోవాల్సి వస్తుంది, అప్పుడు రెండు పేర్లూ వాడుకలో ఉంటాయి.

సెయిలర్ల విషయంలో ఆ ఇబ్బంది తక్కువ. ఆర్మీ సుబేదార్, హవల్దార్, నాయక్ అన్న పేర్లతోనే నడుస్తోంది, విదేశీ సైన్యాలతో కలిసి పనిచేయడానికి అవి అడ్డు కాలేదు. ఇంకా దగ్గరి నమూనా కోస్ట్ గార్డ్‌లోనే ఉంది. నావిక్, ఉత్తమ్ నావిక్, ప్రధాన్ నావిక్, అధికారి, ఉత్తమ్ అధికారి, ప్రధాన్ అధికారి అని దాని సెయిలర్ల మెట్లు. అదే సముద్రంలో, అవే రేవుల్లో, అదే వంతుల పద్ధతిలో వాళ్లు ఆ పేర్లతో పనిచేస్తున్నారు. దాని ఆఫీసర్లకు మాత్రం అసిస్టెంట్ కమాండెంట్, కమాండెంట్ అన్న ఇంగ్లిష్ పేర్లే ఉంచారు.